బేరియం గీత

అంబ్రోసీ,
కరెంటు పోయి ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు.
గుమ్మటం తిరగడం మానేసింది,
దాని పట్టాల మీద మంచు మొండిగా కూర్చుంది.
నేను కిటికీ దగ్గర నీ కోటు తొడుక్కుని,
నువ్వు డెబ్బై ఒకటిలో తీసిన గాజుపలకను
సూక్ష్మదర్శిని కింద పెట్టుకున్నాను.
మర తిప్పడానికి చెయ్యి చాలు.
చేతికే వేడి చాలడం లేదు.

పలకకి ఆ పక్కా ఈ పక్కా ఇనుము గీతలు.
అఖల్‌త్సిఖే సంతలో నువ్వు గీచి గీచి బేరమాడిన మేకులవి.
రెండు మేకుల మధ్య మెరుపు పుట్టించి
నక్షత్రానికి కొలబద్దగా అతికించేవాడివి.
నడుమ మన ఎర్రని ముసలిది,
గోరంత వెడల్పైనా లేని బూడిదరంగు పట్టీ.

చదువుతున్నాను.
కాల్షియం ఉంది. ఇనుము ఉంది, మేకుల్లో ఉన్నదే.
గీతలు సన్నం:
విశాలమైన ఇల్లు, పలుచని గాలి,
ఒకదాన్నొకటి తోసుకోని పరమాణువులు.
ఇక్కడ రొట్టెల క్యూలో అలా లేదు.
పొద్దున లమారా మోచెయ్యి నా పక్కటెముకల్లో దిగింది.
ఎవరైనా కొలిస్తే
నా గీత ఎంత వెడల్పు తేలేదో.

నాలుగువేల ఐదువందల యాభై నాలుగు దగ్గర
చెయ్యి ఆగింది.
బేరియం.
ఉండాల్సిన దానికన్నా ఎంతో లోతు.
తన పొయ్యి మీద ఇంకా ఎక్కించని వంట
ముసలిదాని ఒళ్లంతా వాసనేస్తోంది.

నీ పుస్తకంలో పెన్సిల్ రాత:
"ఈ బేరియం ఈవిడది కాదు."
దాని కిందే: "రెండుంబావుకి మబ్బు. ఆపాను. టీ."

ఎవరిదో, ఇరవై రెండేళ్ల పలకలు
వరసగా పేర్చాక గానీ తెలియలేదు.
గీతలన్నీ కలిసి కాస్త ఎడమకి,
ఏళ్లు గడిచాక కాస్త కుడికి.
మూడు మైక్రాన్లు, నాలుగు.
తలవెంట్రుకని ఇరవైగా చీలిస్తే ఒక పాయ.
పక్కన ఎవరో ఉన్నారు, కనపడరు.
ఒకప్పుడు ఈవిడకన్నా ముందే పండి,
కడుపులో కాచినదంతా గాలికి వదిలేసి,
అందులో కొంత ఈవిడ మీద రాలి,
ఇప్పుడు భూమంత బూడిద, ఇంకా ఆరని బూడిద.
ఈవిడ ఊగుతోంది కాబట్టి
ఉన్నట్టు లెక్క.

నువ్వు పోయిన శీతాకాలం ఈ కోటు నాకిచ్చారు.
ఇవాళ దాని జేబులో ఒక మేకు దొరికింది.

మధ్యాహ్నం బడి పంతులమ్మ మ్జేకాలా వచ్చింది.
గాలికి కిటికీలు పగిలాయట,
పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని లెక్కలు చేస్తున్నారట.
"మీ దగ్గర పలకలు వేలకొద్దీ ఉన్నాయిగా" అంది.
గట్టిగా అరిచాను.
ఆమె ఏమీ అనలేదు. బూట్ల మీది మంచు దులుపుకుంది.
కొలతలు రెండుసార్లు రాసుకున్నవి ఏరి
నలభై ఇచ్చాను.
దీన్ని మాత్రం ఇవ్వలేదు.
మూలన నీ బొటనవేలి ముద్ర ఉంది.

మర్నాడు చూసొద్దామని వెళ్లాను.
పిండిజిగురు, పాత వార్తాపత్రికలు, మధ్య మధ్య నక్షత్రాలు.
కిటికీ గట్టు మీద నోటుబుక్కు ఆనించుకుని ఒక పిల్లాడు,
వఖో అట పేరు.
అతని కాగితం మీద ఒక పొట్టి నల్లపట్టీ నీడ,
మధ్యలో తెల్లగా కొన్ని సందులు.
నెగటివ్ కదా, అంబ్రోసీ,
ఎక్కడెక్కడ వెలుగు మనదాకా రాలేదో
అక్కడక్కడే ఎండ దిగుతోంది.
ఆ వెడల్పైన సందు హైడ్రోజన్ అనుకుంటాను,
అద్దాలు తేలేదు, సరిగా చూడలేదు.

వఖో పెన్సిల్‌తో సందు అంచు గీశాడు.
కాసేపటికి నీడ జరిగింది.
పాత గీత చెరపలేదు.
దాని పక్కనే
ఇంకోటి గీశాడు.